బందరులో నేను పాడుచేసిన గోడ

బందరు వెళ్ళొచ్చి పది రోజులైంది. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తాను. బందరులో చూడాల్సినవి చాలా ఉన్నాయి. వలందులు, అంటే డచ్చివాళ్ళు, కట్టినవీ పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళు, వదిలేసినవీ ఇంగ్లీషువాళ్ళు పాడుబెట్టినవీ ఉన్నాయి. నేను మాత్రం ఒక గోడ చూడటానికి వెళ్ళాను. మిగతావన్నీ ఆ గోడ దగ్గరికి పోయే ధైర్యం చాలక చూసినవే.

గవర్నర్‌పేట

మా ఇల్లు బెజవాడ గవర్నర్‌పేటలో, హోల్‌సేల్ కొట్ల వెనక సందులో. పాత మేడలకి మా పేటలోనూ తక్కువేం లేదు. తలెత్తి చూస్తే ఫ్లెక్సీ బోర్డుల వెనక చెక్క కటకటాలు, రంగు అద్దాల కిటికీలు కనిపిస్తాయి. అయితే తలెత్తి నడిస్తే ఆటో గుద్దేస్తుంది కాబట్టి ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు. వయసులో ఉన్నప్పుడు ఇక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజినీరుగా పనిచేశాను. ఇప్పుడు అరవై నాలుగేళ్ళు. పొద్దున వాకింగు, తర్వాత బీపీ మాత్ర, ఆ తర్వాత పేపరు చదివి లోకాన్ని తిట్టడం. అదీ నా దినచర్య.

జనవరి ఆఖర్లో ఒక ఉదయం ఫోను మోగింది.

"ఇంజినీరు గారేనాండీ? నేను బందరు నుంచి సుగుణమ్మనండి, రిటైర్డు టీచర్ని. పరాసుపేట పక్క సందులో మా చర్చి బడి ఉంది కదండీ, మీరు బాగుచేసింది. మెట్టు మీద సిమెంటులో మీ పేరుంది. ఆ పేరు పట్టుకుని మూడు నెలల్నించి వెతుకుతున్నాను."

నిజమే. ఆ మెట్టు మీద తడి సిమెంటులో మేకుతో నా పేరు నేనే రాసుకున్నాను. ఇరవై ఆరేళ్ళ వయసులో మనిషికి ఉండే పొగరు అది.

"బడి మూసేసి చాన్నాళ్ళైందండి. సాయంత్రాలు నేను ముప్ఫై మంది పిల్లలకి అక్కడే చదువు చెబుతున్నాను. ఇప్పుడు ముందు గోడ ఉబ్బి పొట్టేసింది. పడగొట్టి షాపులు కడదామంటున్నారు సంఘం పెద్దలు. ఈ ఆదివారం ప్రార్థన అయ్యాక తేల్చేస్తారంట. ఆ గోడ సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందండీ? ఒక్కసారి వచ్చి చూసి చెప్పండి. మీ మాటైతే వింటారు."

వస్తానన్నాను. ఫోను పెట్టేశాక మంచినీళ్ళు తాగాను. గోడ ఎందుకు పొట్టేసిందో నాకు చూడకుండానే తెలుసు.

"ఎవరండీ?" అంది మా ఆవిడ రాజ్యం.

"బందరు చూసొద్దాం. పాత ఊరు, చూడదగ్గ కట్టడాలున్నాయి" అన్నాను.

"ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో దుర్గ గుడికి తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళని మనిషి కట్టడాలు చూపిస్తాడంట" అని సంచి సర్దడం మొదలుపెట్టింది.

ఉయ్యూరు బెల్లం

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాం. బందరు కాలవ కాసేపు పక్కనే నడిచి, కాసేపు మాయమై, మళ్ళీ వస్తుంది. కోతలైపోయిన వరి చేలల్లో మినుము మొలిచి పచ్చగా ఉంది. ఉయ్యూరు వచ్చేసరికి చెరకు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారు తీరి ఉన్నాయి. బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేసి దిగిపోయాడంటేనే అర్థమైంది, ఇప్పట్లో కదలదని. చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే మడ్డి వాసన బస్సంతా నిండింది. నాకు తల తిరిగింది. రాజ్యానికి మాత్రం ఉషారొచ్చింది. దిగి రోడ్డు పక్క బెల్లం అమ్మే ఆవిడతో బేరానికి కూర్చుంది.

"నల్లగా ఉందని చూడకండమ్మా. తెల్లబెల్లమైతే మందు కలిపిందే. మా దాంట్లో ఏ మందూ ఉండదు" అంది ఆవిడ.

"నల్లదే కావాలి. ఎంతేంటి?"

"ఎనభై ఇవ్వండి కిలో."

"మా బెజవాడలోనే డెబ్భై."

"అయితే బెజవాడలోనే కొనుక్కోకపోయారా అమ్మా" అంది ఆవిడ, కోపమేం లేకుండా. ఇద్దరూ నవ్వుకున్నారు. చివరికి డెబ్భై అయిదుకి నాలుగు కిలోల ముద్ద సంచిలోకి ఎక్కింది. ఆ సంచి మోసేది నేను. మూడు రోజులూ బందరు వీధుల్లో ఆ బెల్లాన్ని నేనే మోశాను, అందుకని ఇది గుర్తుపెట్టుకోండి.

పామర్రులో పెసరట్టు

బస్సు పామర్రు చేరేటప్పటికి పదిన్నర దాటింది. దిగి, తర్వాతి బస్సుకి పోవచ్చులెమ్మని సెంటర్లో ఒక హోటల్లో కూర్చున్నాం. పెసరట్టు ఉప్మా. బెజవాడ హోటళ్ళలో పెసరట్టు కాగితమంత పల్చన, ఇక్కడ చేతికి బరువు తెలిసేంత మందం. పైన అల్లం ముక్కలు, పక్కన అల్లం పచ్చడి. సర్వరు అడక్కుండానే రెండోసారి పచ్చడి వేసి, "ఎవరి తాలూకండీ? ఎక్కడిదాకా?" అన్నాడు. మా ఊళ్ళో అయితే ఎవరు ఎవరి తాలూకో అడిగే తీరిక ఎవరికుంది?

ఆ అట్టు తింటూ రాజ్యానికి సంగతంతా చెప్పేశాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఆ బడి ముందు గోడ మరమ్మతుకి నన్ను పంపారు. ఎప్పుడో దొరల కాలంలో ఇటుకతో, గానుగ సున్నంతో కట్టిన గోడ. గానుగ సున్నం అంటే సున్నమూ ఇసకా కలిపి రాతి చక్రం కింద రోజుల తరబడి నూరి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి ముగ్గబెట్టేది. నేను వెళ్ళేసరికి కోటయ్య అనే ముసలి తాపీ మేస్త్రి అప్పటికే తొట్టి నిండా సున్నం తయారుచేసి పెట్టుకున్నాడు. అదంతా పారబొయ్యమన్నాను. గోడంతా ఉలితో గాట్లు పెట్టించి సిమెంటు పూయమన్నాను.

"వద్దు బాబుగారూ. సముద్రప్పక్క గోడండి ఇది, ఒళ్ళంతా ఉప్పు. సున్నమైతే తడి పీల్చి తడి వదుల్తుంది. సిమెంటు వేస్తే ఉప్పు బయటికి పోలేక లోపలే గోడని తినేస్తదండి" అన్నాడాయన.

"నువ్వు ఇంజినీరింగు ఎక్కడ చదివావు?" అన్నాను, పదిమంది కూలీల ముందు.

ఆయన తాపీ చేతికి తీసుకున్నాడు. నేను చెప్పినట్టే చేశాడు. పనంతా అయి వెల్ల వేశాక గోడ పొడవునా నడిచి చూశాను. రెండో కిటికీ పక్కన ఒక చోట గోడ అద్దంలా ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి, "చూశావా పెద్దాయనా, సిమెంటు పని అంటే ఇదీ. మీ సున్నంతో ఇంత నునుపు వస్తుందా?" అన్నాను. కోటయ్య, "అవునండీ" అని తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి గానీ నాకు తెలీలేదు, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని. సిమెంటు పూసిన పాత గోడలు ఎన్ని చౌడు పట్టి పోయాయో నా కళ్ళతో చూశాను. కోటయ్యకి చెప్పుకుందామంటే ఆయన అప్పటికే పోయాడని విన్నాను. అప్పట్నించీ బందరు పేరెత్తితే నాకు మొహం చెల్లేది కాదు.

రాజ్యం చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది. "ఈ మాట ఆ టీచరు గారికీ ఆ పెద్దలకీ చెప్పండి. నాకు చెబితే గోడ నిలబడదుగా" అంది.

మూడు దేశాల పేటలు

మధ్యాహ్నం బందరులో దిగి లాడ్జిలో మిగతా సామాను పడేసి, చీమలు పడతాయని బెల్లం సంచి మాత్రం నా భుజానికే తగిలించుకుని వీధుల్లో పడ్డాం. ఈ ఊళ్ళో పేటల పేర్లే చరిత్ర. వలందపాలెం డచ్చివాళ్ళది. పరాసుపేట ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పక్కర్లేదు. కలంకారీ గుడ్డ కోసం సముద్రాలు దాటొచ్చి ఒకరి పక్కన ఒకరు కాపురం పెట్టి, ఒకరినొకరు తరుముకుని, చివరికి అందరూ పోయారు. పేర్లు మాత్రం ఆటోవాళ్ళ నోళ్ళలో మిగిలాయి.

మేడలు అక్కడక్కడా ఉన్నాయి. లావు స్తంభాల వసారా ఒకటి, దాన్నిండా మోటారు సైకిళ్ళ రిపేరు. కమాను గుమ్మం ఒకటి, దాని కింద ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ చేసే ఆయన్ని, ఈ ఇల్లు ఎవరు కట్టారండీ అనడిగితే, "దొరలండి" అన్నాడు. ఏ దొరలంటే, "ఎవరైతేనేం లెండి, ఎండాకాలం చల్లగా ఉంటది" అన్నాడు. ఆ మందపు గోడల విలువ అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

సాయంత్రం ఒక కొట్లో తొక్కుడు లడ్డూ తిన్నాం. నోట్లో పెట్టుకుంటే చాలు, నమిలే పని లేదు. కొట్టాయన పొట్లం కడుతూ, "కోట చూశారా?" అన్నాడు. చూళ్ళేదన్నాను. "బడి కూడా చూళ్ళేదు" అంది రాజ్యం నన్ను చూస్తూ. బడి అక్కడికి రెండు సందుల అవతలే ఉంది.

కోట

శనివారం పొద్దున కోటకి వెళ్ళాం. ఊరు దాటి రేవు వైపు పోతే ఉప్పు గాలి మొహానికి కొడుతుంది. కోట అంటే బురుజులూ రాజద్వారాలూ ఊహించుకోకండి. సర్కారు తుమ్మ మధ్యలో కప్పులేని పెద్ద ఇటుక కట్టడాలు, కమానులు, వాటిలో మేకలు. ఉప్పెనలు చూసిన గోడలవి. ఒకచోట పూత ఊడి లోపలి ఇటుకలు కనిపిస్తున్నాయి. జేబులోంచి తాళంచెవి తీసి ఇటుకల మధ్య సున్నపు దర్జు గీకాను. గీత పడలేదు. కప్పు లేదు, కాపలా లేదు, వందల ఏళ్ళుగా ఈ గాలిలో, ఈ వానలో నిలబడి ఉంది. నా సిమెంటు నలభై ఏళ్ళు ఆగలేదు. అక్కడ నిలబడి సిగ్గుపడ్డాను. ఇంకో మాట వెతకను.

వలందుల సమాధులు కూడా చూశాం. నల్లరాతి పలకల మీద పైకి తేలిన అక్షరాలు. చదవడం రాకపోయినా రాజ్యం ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి దిద్దింది. "ఎంత దూరం నుంచి వచ్చి పోయారో పాపం. వీళ్ళమ్మలకి తెలిసిందో లేదో" అంది.

తిరిగొస్తుంటే బురదలో దిగబడి నా తోలు చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో రోడ్డుదాకా వచ్చి, ఆటోలో కోనేరు సెంటరుకి పోయి, చేతికందిన నీలం హవాయి చెప్పులు కొన్నాను. ఆదివారం పెద్దల ముందు నిలబడబోయే ఇంజినీరుకి నీలం హవాయి చెప్పులు. రాజ్యం నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

ఆ బడి

ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రం బడికి వెళ్ళాం. సుగుణమ్మ గారు తెల్లచీర, చేతిలో సుద్దముక్కతో గుమ్మంలోకి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "వచ్చారా బాబూ. మీరు వస్తారని ప్రార్థన చేస్తూనే ఉన్నానండి" అన్నారు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. టేకు దూలాల మీద ఎత్తైన కప్పు, గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతోంది. ఈవిడ చదువుకున్నదీ పాఠాలు చెప్పిందీ ఆ గదిలోనే. ఊళ్ళో వేరే గది అద్దెకి తీసుకునే స్తోమత తనకి లేదనీ, ఇది పోతే పిల్లల చదువూ పోయినట్టేననీ ఆవిడ మామూలుగానే చెప్పారు.

నేను ముందు గోడ దగ్గరికి వెళ్ళాను. పెచ్చులు ఊడినచోటల్లా మళ్ళీ మళ్ళీ సిమెంటే పూశారు. నడుమెత్తున గోడ ఉబ్బి, తెల్లగా చౌడు పూసి ఉంది. వేలి కణుపుతో కొడుతూ నడిచాను. అంతా డొల్ల చప్పుడే. రెండో కిటికీ పక్కన మాత్రం, జానెడు తక్కువ రెండు గజాల మేర, గట్టిగా పలికింది. మూడుసార్లు కొట్టాను. అంతే గట్టి. నాకు అర్థం కాలేదు. చేసిందంతా ఒకటే పని కదా, ఇక్కడొక్కచోట నా సిమెంటు ఎలా నిలిచింది?

"ఏమంటారండీ?" అన్నారు సుగుణమ్మ గారు.

"రేపు చెబుతానండి" అన్నాను.

లాడ్జికి వచ్చేదాకా రాజ్యం నాకు పదడుగులు ముందే నడిచింది.

ఆదివారం

ప్రార్థన అయ్యాక పెద్దలు అయిదుగురు గోడ ముందు కుర్చీలు వేసుకున్నారు. అందరి తరఫునా మాట్లాడింది ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారు. పడగొట్టాల్సి వస్తే లెక్క చెప్పడానికి ఒక తాపీ మేస్త్రిని కూడా పిలిపించారు. యాభై దాటిన మనిషి, పేరు సుబ్బారావు. ఒక పక్కన నిలబడి ఉన్నాడు.

"మాకూ ఇష్టమై కాదండీ. పిల్లలు కూర్చునే చోటు. రేపు గోడ మీద పడితే ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు పోస్టుమాస్టరు గారు. న్యాయమైన మాటే.

నేను లేచి నిలబడ్డాను. "గోడది తప్పు కాదండీ, నాది. మేస్త్రి వద్దని చెప్పినా వినకుండా నేనే సిమెంటు వేయించాను. ఉప్పూ తడీ బయటికి పోయే దారి లేక పూత కిందంతా పాడైంది. ఆ పూత ఒలిచేసి, గోడని ఆరనిచ్చి, మళ్ళీ సున్నం వేస్తే నిలబడుతుంది. లోపలి ఇటుక గట్టిదే" అన్నాను.

సుగుణమ్మ గారు నా మొహంలోకి చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. మూడు నెలలు వెతికి పిలిపించుకున్న మనిషే గోడ పాడుచేసినవాడని ఆవిడకి అప్పుడే తెలిసింది.

పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు తీశారు. "అప్పుడు సిమెంటు మంచిదన్నారు. ఇప్పుడు చెడ్డదంటున్నారు. మళ్ళీ పదేళ్ళకి వచ్చి సున్నం తప్పని చెప్పరని ఏంటండీ నమ్మకం?"

ఆయన లేచి గోడ కొట్టుకుంటూ వెళ్ళారు, అచ్చం నిన్న నేను వెళ్ళినట్టే. రెండో కిటికీ దగ్గర ఆగారు. "ఇదిగో, ఇక్కడ రాయిలా ఉందే. ఇదీ మీరు వేయించిన సిమెంటేగా? సిమెంటుదే తప్పయితే ఇక్కడ ఎందుకు పోలేదు?"

"తెలీదండీ" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. అయిపోయింది అనుకున్నాను. సుగుణమ్మ గారు తల దించుకున్నారు.

అప్పుడు సుబ్బారావు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అది సిమెంటు కాదండీ" అన్నాడు.

సంచిలోంచి ఉలి తీసి కిటికీ మూలన చిన్న పెచ్చు ఎగరగొట్టాడు. రంగుల పొరల కింద బూడిదరంగు లేదు. పాలమీగడ తెలుపు. దాని పక్కనే నా పూత మీద ఇంకో దెబ్బ కొట్టాడు. ముద్ద ముద్దగా ఊడి, కింద తడి ఇటుకపొడి రాలింది.

"కోటయ్య మేస్త్రి మా నాన్నండి. తొట్టిలో నూరిన సున్నం పారబొయ్యమన్నారంటగా ఈయన. ముగ్గిన సున్నం పారబోస్తే అన్నం పారబోసినట్టేనని మా ఇళ్ళల్లో అనుకుంటామండి. ఇంజినీరు గారు మధ్యాన్నం భోజనానికి హోటలుకి పోయినప్పుడు, ఉన్న సున్నమంతా ఇక్కడ పూసేశాడు. నున్నటి రాయితో రుద్ది, ఆరాక అందరితోపాటు వెల్ల వేశాడు. మిగతాదంతా పెచ్చులూడితే ఎన్నోసార్లు మళ్ళీ పూశారు. ఇది ఊడనే లేదు, ఎవరూ ముట్టుకోనూ లేదు."

పోస్టుమాస్టరు గారు ఆ తెల్లటి చోట బొటనవేలు పెట్టి నొక్కారు. తర్వాత పక్కనున్న తడి ఇటుకపొడి చేతిలోకి తీసుకున్నారు. మిగతా నలుగురితో గుమ్మం దగ్గర మాట్లాడుకుని వచ్చారు.

"వచ్చే వానాకాలం దాటేదాకా పడగొట్టే మాట వద్దు. ముందు గోడంతా సున్నం చేయించండి. అందాకా పిల్లల్ని వెనక వసారాలో కూర్చోబెట్టండి, టీచరు గారూ" అన్నారు.

సుగుణమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను, తిట్టాల్సిందే కూడా. మెట్టు మీది నా పేరు చూపించి, "ఇది కూడా పగలగొట్టించనా అండీ?" అని నేనే అడిగాను.

"ఉండనివ్వండి. ఆ పేరే లేకపోతే మిమ్మల్నెలా పట్టుకునేదాన్ని?" అన్నారావిడ. కళ్ళు తడిగానే ఉన్నాయి.

పని మొదలుపెట్టే రోజు గురించి మాట్లాడుతూ, సున్నంలోకి నల్లబెల్లం కావాలి, ఈ రోజుల్లో మందు కలపనిది దొరకట్లేదన్నాడు సుబ్బారావు. రాజ్యం నా భుజం మీది సంచి దించి, ఉయ్యూరు ముద్ద ఆయన చేతిలో పెట్టింది.

వచ్చేముందు సుబ్బారావుని పక్కకి పిలిచాను. "మీ నాన్నని నేను పదిమందిలో అవమానించానయ్యా. ఆయన ఇంట్లో నా గురించి ఏమనేవాడు?" అన్నాను.

సుబ్బారావు కొంచెం నవ్వాడు. "ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడోనండి. గోడంతా తిరిగి తిరిగి, మీరు సరిగ్గా తన సున్నం మీదే చెయ్యి పెట్టి మెచ్చుకున్నారంటగా. 'ఆ కుర్రాడికి నోరు మంచిది కాదురా, చెయ్యి మాత్రం మంచిది. మంచి పని ఎక్కడుందో దానికి తెలుసు' అనేవాడండి."

నేను రెండో కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ తెల్లటి చోట మళ్ళీ అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. బస్సుకి టైమవుతోందని రాజ్యం రెండుసార్లు పిలిచింది.